మెల్‌బోర్న్‌లో దిగాక పార్ట్‌టైం పని ఎలా వెతుక్కోవాలి: శ్రీకాకుళం, విజయనగరం నుంచి చదువుకి వెళ్ళేవాళ్ళకి

ఉద్దానంలో ఏ ఊరెళ్ళినా షట్‌డౌన్ పనికి (ప్లాంటు ఆపి చేసే మరమ్మతులకి) గల్ఫ్ వెళ్ళొచ్చిన వెల్డరో, ఫిట్టరో, రిగ్గరో ఒకరు కనిపిస్తారు. ఆ అన్నలకి పని ముందు, విమానం తర్వాత. కాంట్రాక్టు చేతిలో పడ్డాకే పెట్టె సర్దుతారు. దిగగానే కంపెనీ బస్సు, క్యాంపు, మెస్సు అన్నీ ఉంటాయి. చదువుకని ఆస్ట్రేలియా వెళ్ళే మీకు ఇది తిరగబడుతుంది. విమానం ముందు, పని తర్వాత. మీకోసం ఎయిర్‌పోర్టులో ఎవరూ బోర్డు పట్టుకుని నిలబడరు. అందుకని ఇంట్లో మావయ్యో, పక్కింటి అన్నో గల్ఫ్ అనుభవంతో చెప్పే సలహాల్లో చాలావరకు మీకు అతకవు. చదవకుండా దేనిమీదా సంతకం పెట్టొద్దన్న మాట ఒక్కటి మాత్రం గట్టిగా పట్టుకోండి.

ఇది మాస్టర్స్‌కి మెల్‌బోర్న్ వెళ్తున్నవాళ్ళ కోసం రాస్తున్నాను. సిడ్నీ, బ్రిస్బేన్ వెళ్ళేవాళ్ళకి వీధుల పేర్లు మారతాయి గానీ వీసా, జీతాల రూల్స్ దాదాపు ఇవే.

బయల్దేరే ముందే ఒక లెక్క వేసుకోండి

శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్‌లోనో, విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్ పక్కనో ఏ కన్సల్టెన్సీ మెట్లెక్కినా ఒక మాట వినిపిస్తుంది: "వెళ్ళగానే పార్ట్‌టైం దొరుకుద్ది, ఫీజు దాంతోనే కట్టేసుకోవచ్చు." ఈ మాట నమ్మి పొలం తాకట్టు పెట్టే ముందు కాగితం, పెన్ను తీయండి.

స్టూడెంట్ వీసా మీద కోర్సు నడుస్తున్న రోజుల్లో రెండు వారాలకి 48 గంటలే పని చెయ్యొచ్చు. 2023 జూలై 1 నుంచి ఇదే రూలు. దేశమంతటా కనీస వేతనం 2025 జూలై 1 నుంచి గంటకి 24.95 డాలర్లు. మీకు దొరికే పనులు ఎక్కువగా క్యాజువల్, అంటే సెలవులకి డబ్బు రాదు, దానికి బదులుగా గంట రేటు మీద 25 శాతం కలిపి ఇస్తారు. అలా గంటకి సుమారు 31.19 అవుతుంది. ఈ రేటు ఏటా జూలై 1న మారుతుంది కాబట్టి మీరు వెళ్ళే ఏడాదిది చూసుకోండి.

48 గంటలూ నిండా దొరికాయనుకుందాం. రెండు వారాలకి దాదాపు 1,497 డాలర్లు, పన్ను పోకముందు. ఇక ఖర్చు. వీసాకి ఏడాది బతకడానికి చూపించమని ఆస్ట్రేలియా ప్రభుత్వమే అడిగే మొత్తం 29,710 డాలర్లు, అంటే రెండు వారాలకి సుమారు 1,140. పన్ను, రైలు ఛార్జీలు పోగా మిగిలేది ఎంతో మీకే అర్థమవుతుంది. అదీ ప్రతి వారం నిండా షిఫ్టులు దొరికితే. మొదటి రెండు మూడు నెలలు అలా దొరకవు. కాబట్టి పార్ట్‌టైంతో తిండి, అద్దె గడుస్తాయి, ఫీజు గడవదు. ఫీజుకి వేరే దారి ఉంటేనే విమానం ఎక్కండి. కనీసం మూడు నెలల ఇంటిఖర్చు చేతిలో ఉంచుకుని వెళ్ళండి. ఆ డబ్బు తిండికే కాదు, పనికిమాలిన పనికి "వద్దు" అనడానికి కూడా. ఆ సంగతి కింద చెప్తాను.

దిగిన మొదటి రోజులు: పని కాదు, కాగితాలు

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. స్టూడెంట్ వీసా మీద వెళ్ళినవాళ్ళు కోర్సు మొదలయ్యేదాకా డబ్బుకి పనిచెయ్యకూడదు. మూడు వారాల ముందు దిగి, "ఖాళీగా ఉన్నాను కదా" అని ఎవరి హోటల్లోనో గిన్నెలు తోమితే అది వీసా రూలు తప్పినట్టే. ఆ వారాలు వృథా అనుకోవద్దు, కాగితాల పనికి అవే సరిపోతాయి.

ముందు సిమ్. ఆస్ట్రేలియా నంబరు లేకుండా రెజ్యూమె పంచితే ఎవరూ ఫోన్ చెయ్యరు. సిమ్ వేశాక వాయిస్‌మెయిల్ పెట్టుకోండి. మన దగ్గర దాన్ని ఎవరూ వాడరు గానీ, అక్కడి మేనేజర్లు ఒకసారి ఫోన్ చేసి, ఎత్తకపోతే మెసేజ్ వదిలేసి, తర్వాతి పేరుకి వెళ్ళిపోతారు. పని అడిగిన రోజుల్లో తెలియని నంబరొచ్చినా, నంబరు దాచిన కాల్ వచ్చినా ఎత్తండి.

తర్వాత బ్యాంకు ఖాతా. కొన్ని బ్యాంకులు ఇండియాలో ఉండగానే ఆన్‌లైన్లో తెరవనిస్తాయి, దిగాక పాస్‌పోర్టు పట్టుకుని బ్రాంచికి వెళ్తే కార్డు ఇస్తారు.

ఆ తర్వాత టీఎఫ్‌ఎన్, అంటే ట్యాక్స్ ఫైల్ నంబరు. ఆస్ట్రేలియాలో అడుగుపెట్టాకే, పన్నుల శాఖ సైటులో పాస్‌పోర్టు నంబరుతో అప్లై చెయ్యాలి. దీనికి పైసా ఖర్చు లేదు. "మేం చేసిపెడతాం, యాభై డాలర్లివ్వు" అనేవాళ్ళుంటారు, వాళ్ళ జోలికి పోవద్దు. నంబరు ఇంటికి పోస్టులో వస్తుంది, 28 రోజుల దాకా పట్టొచ్చు. అందుకని రెండు వారాల్లో ఖాళీ చేసేసే గది అడ్రసు ఇవ్వొద్దు. మీరు కదిలిపోయాక ఆ కవరు ఎవరో తెలియని వాళ్ళ పోస్టు డబ్బాలో పడుతుంది. స్థిరంగా ఉండే స్నేహితుల అడ్రసైనా నయం.

టీఎఫ్‌ఎన్ రాకపోయినా పనిలో చేరొచ్చు. చేరినప్పుడు ఇచ్చే డిక్లరేషన్ ఫారంలో అప్లై చేశానని రాస్తే 28 రోజుల గడువుంటుంది. అప్పటికీ నంబరు ఇవ్వకపోతే జీతంలో 47 శాతం పన్ను కింద పట్టేస్తారు. అదే ఫారంలో, పన్ను లేని మొదటి 18,200 డాలర్ల వెసులుబాటు ఈ యజమాని దగ్గర తీసుకుంటారా అని ఒక ప్రశ్న ఉంటుంది. మొదటి పనిలో అవునని టిక్ పెట్టండి. రెండో పని కూడా చేస్తుంటే అక్కడ కాదని పెట్టండి. రెండుచోట్లా అవునంటే ఏడాది చివర్లో మీరే కట్టాల్సివస్తుంది.

రెజ్యూమె: మన ఊరి పద్ధతిది పక్కన పెట్టండి

క్యాంపస్ ప్లేస్‌మెంట్ కోసం కాలేజీలో తయారుచేసుకున్న రెజ్యూమె ఒకటి అందరి దగ్గరా ఉంటుంది. పైన పాస్‌పోర్టు ఫొటో. కింద తండ్రి పేరు, పుట్టిన తేదీ, పెళ్ళి అయిందా లేదా, మతం, తెలిసిన భాషలు. మధ్యలో బీటెక్ ప్రాజెక్టు, పదో తరగతి మార్కుల శాతం. చివర్లో "పైన చెప్పినవన్నీ నిజమని ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను", దాని కింద స్థలం, తేదీ, సంతకం. ఇది పట్టుకుని కాఫీ షాపులోకి వెళ్తే ఆ మేనేజరుకి ఎక్కడ చూడాలో తెలీదు. ఫొటో, వయసు, తండ్రి పేరు, పెళ్ళి, మతం అన్నీ తీసెయ్యండి. డిక్లరేషన్ కూడా.

ఒక్క పేజీ చాలు. పేరు, ఆస్ట్రేలియా ఫోన్ నంబరు, మీరుండే సబర్బు (సిటీలో మీ పేట), ఈమెయిలు పైన. దాని కిందే రెండు లైన్లలో మీరెవరు, ఏ పని కోసం వచ్చారు. ఆ వెంటనే, ఇది ముఖ్యం, మీరు ఏ రోజు ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా పనికి రాగలరో చిన్న పట్టిక. "ఎప్పుడైనా వస్తాను" అని రాయొద్దు. క్లాసులున్నాయని వాళ్ళకీ తెలుసు. "మంగళ, గురువారాలు సాయంత్రం 5 నుంచి, శని, ఆదివారాలు పొద్దుటి నుంచి రాత్రి దాకా" అని ఉంటే రోస్టరులో (షిఫ్టుల పట్టికలో) ఏ ఖాళీకి మీరు సరిపోతారో వాళ్ళకి చప్పున తెలుస్తుంది. శని, ఆదివారాలు ఖాళీ అని ఉన్న కాగితం ఎప్పుడూ పైన ఉంటుంది.

అనుభవం దగ్గర చాలామంది ఆగిపోతారు. "నాకేటి ఎక్స్‌పీరియన్స్ ఉంది అన్నా, చదువుకోడమే కదా" అంటారు. రాజాంలో నాన్న కిరాణా కొట్లో సెలవుల్లో కూర్చున్నారా? అది క్యాష్ హ్యాండ్లింగ్, స్టాక్, కస్టమర్ సర్వీస్. పలాసలో చుట్టాల జీడి ఫ్యాక్టరీలో గ్రేడింగ్, ప్యాకింగ్ చూశారా? వేర్‌హౌసుకి అది పనికొస్తుంది. పెళ్ళిళ్ళ సీజన్లో క్యాటరింగ్ వాళ్ళతో వడ్డించడానికి వెళ్ళారా? రాయండి, ఎన్ని నెలలు, ఏం చేశారు అని. లేనిది మాత్రం రాయొద్దు. కాఫీ మెషిన్ ముట్టనివాళ్ళు "బారిస్టా, రెండేళ్ళు" అని రాసుకుని వెళ్తే మెల్‌బోర్న్‌లో రెండు నిమిషాల్లో దొరికిపోతారు. ఆ ఊరివాళ్ళకి కాఫీ అంటే ఆషామాషీ వ్యవహారం కాదు. ఫ్లాట్ వైట్ చెయ్యమని పాల జగ్గు చేతికిచ్చి నిలబడతారు.

బీటెక్, మాస్టర్స్ ఒక్క లైన్లో ముగించండి. అంట్లు తోమే పనికి థర్మోడైనమిక్స్ ప్రాజెక్టు చదివి ఎవరూ సంతోషించరు.

చివర రిఫరీలు, అంటే మీ గురించి ఫోన్లో చెప్పగల ఇద్దరు. అక్కడ ఎవరూ తెలీదంటారా? సాల్వోస్, విన్నీస్ లాంటి సెకండ్‌హ్యాండ్ దుకాణాల్లో వారానికి ఒక పూట వాలంటీరుగా వెళ్ళండి. జీతం ఉండదు గానీ ఇంగ్లీషు చెవికి అలవాటవుతుంది, మీ గురించి చెప్పే మేనేజరు ఒకరు దొరుకుతారు.

ఎక్కడ వెతకాలి

దిగిన రోజు రాత్రే ఎవరో ఒకరు మిమ్మల్ని మూడు వాట్సాప్ గ్రూపుల్లో చేరుస్తారు. గదులు, పాత పరుపులు, ఇండియా నుంచి మందులు తెచ్చేవాళ్ళు, వీటికి ఆ గ్రూపులు బాగా పనికొస్తాయి. పనికి మాత్రం అక్కడితో ఆగిపోతే చిక్కు. "అర్జంటుగా ఇద్దరు కుర్రాళ్ళు కావాలి, రాత్రి షిఫ్టు, ఇన్‌బాక్స్" అన్న ఒక్క మెసేజి మీద వందమంది పడతారు. అంతమంది పడ్డచోట రేటు పడిపోవడం మామూలే.

సీక్, ఇండీడ్, జోరా సైట్లలో రోజూ చూడండి, మీ సబర్బు చుట్టూ అలర్ట్ పెట్టుకోండి. యూనివర్సిటీలో కెరీర్స్ విభాగం ఉంటుంది. ఫీజులోనే దాని ఖర్చు కట్టారు కాబట్టి వాడుకోండి, రెజ్యూమె కూడా దిద్దిపెడతారు. క్యాంపస్‌లోనే లైబ్రరీ, ఓపెన్ డే, పరీక్షల పర్యవేక్షణ లాంటి పనులు అప్పుడప్పుడు పడతాయి. క్లాసు పక్కనే పని అంటే అంతకంటే ఏం కావాలి.

వేర్‌హౌసు పనికి లేబర్ హైర్ ఏజెన్సీల్లో, అంటే కంపెనీలకి మనుషుల్ని పంపేవాళ్ళ దగ్గర, పేరు నమోదు చేసుకోవాలి. ట్రుగనినా, డెరిముట్, లావర్టన్ నార్త్, అటు డాండెనాంగ్ సౌత్ నిండా గోదాములే. టార్నీట్, పాయింట్ కుక్ వైపు తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండడానికి అదీ ఒక కారణమేమో. పిక్కింగ్, ప్యాకింగ్‌కి ఉక్కు ముక్కు బూట్లు, దూరానికి కనబడే మెరిసే చొక్కా మీవే ఉండాలి. నిజమైన ఏజెన్సీ మీ దగ్గర రిజిస్ట్రేషన్ ఫీజు అడగదు. లైసెన్సు లేకుండా ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కమంటే ఎక్కొద్దు, ఎవరు చెప్పినా సరే. ఆ గోదాములకి బస్సులు తక్కువ, తెల్లవారుజాము షిఫ్టుకి అసలుండవు. కారున్న వాళ్ళతో కలిసి వెళ్ళే ఏర్పాటు చూసుకున్నాకే ఒప్పుకోండి.

కట్టడం పనికి వైట్ కార్డ్ (భద్రత శిక్షణ కార్డు), మందు వడ్డించే చోటికి ఆర్‌ఎస్‌ఏ (బాధ్యతగా మందు వడ్డించే శిక్షణ) సర్టిఫికెట్ కావాలి. వైట్ కార్డ్ ఆ పని వెతుకుతుంటేనే చేసుకోండి. ఆర్‌ఎస్‌ఏ మాత్రం ముందే చేసుకుంటే మంచిది, గుర్తింపున్న సంస్థలోనే. అది లేకపోతే బార్లు, రెస్టారెంట్లు, స్టేడియాలు సగం తలుపులు మూసుకున్నట్టే.

స్టేడియాలంటే గుర్తొచ్చింది. మెల్‌బోర్న్ ఆటల ఊరు. మార్చి నుంచి సెప్టెంబరు దాకా ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్, నవంబరు మొదటి మంగళవారం మెల్‌బోర్న్ కప్ గుర్రప్పందేలు, డిసెంబరు 26న ఎంసీజీలో (మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండులో) టెస్టు మ్యాచ్, జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్. ఎంసీజీలో లక్షమంది పడతారు. వాళ్ళకి పైలు, చిప్స్, బీరు అమ్మడానికి క్యాటరింగ్ కంపెనీలకి క్యాజువల్స్ కావాలి. సీజన్ మొదలయ్యే నెలా రెణ్ణెల్ల ముందే మనుషుల్ని తీసుకుంటారు. క్రిస్మస్‌కి దుకాణాలు కూడా అంతే, సెప్టెంబరు, అక్టోబరుల్లోనే ప్రకటనలు పడతాయి. జూలైలో దిగినవాళ్ళు దీన్ని పట్టుకోవాలి. మన దగ్గర ముసురు పట్టే రోజుల్లో అక్కడ ఎముకలు కొరికే చలి, కేఫ్‌లు కాస్త మందకొడిగా ఉంటాయి. పని దొరకలేదని దిగులుపడకుండా ఆ రెండు నెలలు ఆర్‌ఎస్‌ఏ, రెజ్యూమె, వాలంటీరు పని చూసుకుని, పైరుకి ముందే దుక్కి దున్నుకున్నట్టు, సెప్టెంబరుకి సిద్ధంగా ఉండండి.

నడిచి వెళ్ళి అడగడం

మనవాళ్ళకి కష్టంగా తోచేది ఇదే, ఎక్కువగా ఫలించేది కూడా ఇదే. అడగడానికి నామోషీ. "బీటెక్ చదివి, హోటల్‌కెళ్ళి పనుందా అని అడగడమేటి" అని లోపల ఒకటి గుచ్చుతుంది. ఆ ఊళ్ళో లాయరు పిల్లలూ, డాక్టరు పిల్లలూ పదిహేనేళ్ళకే అలా వెళ్ళి అడుగుతారు. మిమ్మల్ని చూసి ఎవరూ నవ్వరు.

ఒక సబర్బు ఎంచుకోండి, మీ ఇంటికో, కాలేజీకో ఒక్క రైల్లో చేరేది. రాత్రి పదకొండుకి పని అయిపోతే ఇంటికెలా చేరతారో ముందే చూసుకోండి. శుక్ర, శని రాత్రుళ్ళు మెట్రో రైళ్ళు తెల్లవార్లూ నడుస్తాయి, మిగతా రోజుల్లో అర్ధరాత్రి దాటితే నమ్ముకోలేం. సిటీ మధ్యలో ట్రాము ఉచితం కాబట్టి అక్కడ వెతకడానికి ఖర్చు లేదు గానీ, అందరూ అక్కడే వెతుకుతారు. ఫుట్‌స్క్రే, సన్‌షైన్, క్లేటన్ లాంటి చోట్ల పోటీ కాస్త తక్కువ.

మంగళవారం నుంచి గురువారం మధ్య, మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగున్నర లోపల వెళ్ళండి. లంచి హడావుడిలో, శుక్రవారం సాయంత్రం అస్సలు వెళ్ళొద్దు. గుంపుగా వెళ్ళొద్దు, నలుగురు తలుపు దగ్గర నిలబడి ఒకరు అడిగితే ఎవరికీ రాదు. నల్ల ప్యాంటు, నల్ల చొక్కా, మూసిన బూట్లు వేసుకుంటే "ఇప్పుడే నిలబడగలవా" అన్నా సిద్ధంగా ఉంటారు.

లోపలికెళ్ళి మొదట కనిపించినవాళ్ళ చేతిలో కాగితం పెట్టి వచ్చెయ్యకండి. "మేనేజర్ ఉన్నారా?" అని అడగండి. లేకపోతే ఎప్పుడుంటారో, పేరేంటో అడిగి రాసుకుని ఆ టైముకి మళ్ళీ వెళ్ళండి. మేనేజరొస్తే మూడు ముక్కలు చాలు: పేరు, ఎక్కడ ఉంటారు, ఏ రోజులు రాగలరు. మన ఇంగ్లీషులో "సర్" ఎక్కువ, అక్కడ అది వినబడదు. పేరు పెట్టే పిలవండి, వయసులో పెద్దవాళ్ళయినా సరే. మొదట్లో నోరు రాదు, అలవాటవుతుంది. వాళ్ళు "హౌయా గోయింగ్" అంటే ఎక్కడికి వెళ్తున్నావని కాదు, ఎలా ఉన్నావని. "అర్వో షిఫ్ట్" అంటే మధ్యాహ్నం, "స్మోకో" అంటే టీ విరామం.

ఎవరితో ఏ తేదీన మాట్లాడారో ఫోన్లో రాసిపెట్టుకోండి. వారం తర్వాత ఒకసారి పలకరించడం తప్పు కాదు. పదిచోట్ల అడిగితే తొమ్మిదిచోట్ల ఏ జవాబూ రాదు, దాన్ని మనసుకి తీసుకుంటే పదకొండో తలుపు తట్టలేరు.

ట్రయల్, రేటు, క్యాష్

పిలిచారు. "ట్రయల్‌కి రా" అన్నారు. పని వచ్చో లేదో చూడటానికి కాసేపు, మహా అయితే ఒక షిఫ్టు, జీతం లేకుండా చూడొచ్చు, అదీ పక్కన ఎవరో ఒకరు గమనిస్తూ ఉంటేనే. వారం రోజులు "ట్రైనింగ్" పేరుతో ఊరికే చేయించుకోవడం చట్టవిరుద్ధం. ట్రయల్‌కి వెళ్ళే ముందే అడగండి: ఎంతసేపు, డబ్బిస్తారా, కుదిరితే గంటకి ఎంత, పేస్లిప్ ఉంటుందా. అడిగితే పని పోతుందేమోనని భయం వేస్తుంది. ఈ నాలుగు ప్రశ్నలకే పారిపోయే యజమాని, నెల తర్వాత జీతం దగ్గరా అలాగే పారిపోతాడు.

ఇక అసలు సంగతి. మీకు మొదట దొరికే పని బహుశా క్యాష్ పనే అవుతుంది. మనవాళ్ళదో, పక్క రాష్ట్రం వాళ్ళదో రెస్టారెంటు. "మన ఊరి కుర్రాడివి, నీకెందుకు, నేను చూసుకుంటాను కదా బాబూ" అంటారు. గంటకి పదిహేను డాలర్లు, పేస్లిప్ లేదు, టీఎఫ్‌ఎన్ అడగరు. రాత్రి భోజనం పెడతారు. పప్పు, చారు తినక రెండు వారాలైన మనిషికి ఆ భోజనం దగ్గర కళ్ళు చెమరుస్తాయి, నాకు తెలుసు. అయినా లెక్క వెయ్యండి. వారానికి ఇరవై గంటలు చేస్తే చేతికొచ్చేది 300. కనీస రేటు ప్రకారం రావాల్సింది 620 పైచిలుకు. వారానికి మూడు వందల డాలర్లకి భోజనం కొనుక్కున్నట్టు. సూపర్, అంటే యజమాని మీ పేరున వేసే పింఛను సొమ్ము, రాదు. చెయ్యి తెగితే ఆ రోజు మీరు అక్కడ పనిలో ఉన్నారని నిరూపించుకోవడమే పెద్ద పని అవుతుంది. రేపు మంచి చోట పనికెళ్తే చూపించడానికి అనుభవం కాగితం కూడా ఉండదు. దొరికిన పనుల్లో అదే అన్నిటికంటే ఖరీదైనది.

క్యాష్ అనగానే దొంగపని కాదు. నోట్ల రూపంలో ఇచ్చినా పూర్తి రేటు, పేస్లిప్, పన్ను కోత ఉంటే సరే. మన హోటళ్ళన్నీ ఇలాగే ఉంటాయనీ కాదు, పేస్లిప్ ఇచ్చి పద్ధతిగా నడిపేవాళ్ళూ ఉన్నారు. తేడా తెలిసేది ఆ నాలుగు ప్రశ్నల దగ్గరే. మూడు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోమన్నది ఇందుకే. జేబు ఖాళీ అయినవాడు అడగలేడు.

ఇంకో రెండు రకాలున్నాయి. "ఏబీఎన్ తీసుకో, అప్పుడు పనిస్తాను" అనేవాళ్ళు. ఏబీఎన్ అంటే సొంత వ్యాపారానికి నంబరు. ఒకరి కింద, వాళ్ళు చెప్పిన టైముకి, వాళ్ళ చీపురుతోనే ఊడుస్తూ మీరు వ్యాపారి ఎలా అవుతారు? జీతం, సూపర్ ఎగ్గొట్టడానికి అదో దారి. ఫుడ్ డెలివరీకి మాత్రం ఏబీఎన్ నిజంగానే కావాలి, అది ఉచితం. ఆ గంటలు కూడా 48లోకే వస్తాయి, ఇంకొకరి అకౌంటు అద్దెకి తీసుకుని తిరగొద్దు. రెండో రకం, పని ఇస్తానని ముందే డిపాజిట్, ట్రైనింగ్ ఫీజు అడిగేవాళ్ళు, పాస్‌పోర్టు "సేఫ్‌గా" తమ దగ్గర పెట్టుకుంటామనేవాళ్ళు. అక్కడి నుంచి లేచి వచ్చెయ్యండి.

48 గంటలు ఎలా లెక్కపెడతారు

వారానికి 24 అనుకుంటే పొరపాటు, రెండు వారాలకి 48. సోమవారం మొదలై పద్నాలుగు రోజులు. కానీ ఏ సోమవారం నుంచి లెక్కపెట్టినా 48 దాటకూడదు. ఒక ఉదాహరణ: మొదటి వారం 10 గంటలు, రెండో వారం 36, మూడో వారం 12, నాలుగో వారం 38. ఒకటి, రెండు కలిపితే 46, బాగుంది. రెండు, మూడు కలిపితే 48, సరిగ్గా సరిపోయింది. మూడు, నాలుగు కలిపితే 50. రూలు తప్పారు. నాలుగు వారాలు కలిపి 96 దాటలేదు కదా అన్న వాదన చెల్లదు.

రెండుచోట్ల పనిచేస్తే రెండూ కలిపి లెక్క. కోర్సు సెలవుల్లో గంటల పరిమితి లేదు, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సంపాదించుకునే కాలం అదే. సెలవులు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది యూనివర్సిటీ క్యాలెండరే చెప్పాలి, పరీక్ష అయిపోయిందని మీకు మీరే మొదలుపెట్టొద్దు.

పేస్లిప్ చదవండి

జీతం పడిన మర్నాటి పనిరోజులోపు పేస్లిప్ రావాలి. వచ్చాక అంకె ఒక్కటే చూసి ఫోన్ మూసెయ్యకండి. పైన యజమాని పేరు, ఏబీఎన్ ఉన్నాయా? గంటలు మీరు రాసుకున్నవాటితో కలుస్తున్నాయా? ఆదివారానికి వేరే రేటు వేశారా? చాలా రంగాల్లో ఆదివారం, పండగ రోజుల రేటు ఎక్కువ. పన్ను ఎంత పోయింది? కింద సూపర్ అని ఉందా? అది జీతంలోంచి కోసేది కాదు, యజమాని మీ పేరున అదనంగా వేసే పింఛను సొమ్ము, 2025 జూలై 1 నుంచి 12 శాతం. చదువైపోయి శాశ్వతంగా వచ్చేసి, వీసా ముగిశాక ఆ డబ్బు వెనక్కి అడగొచ్చు, 35 శాతం దాకా పన్ను పోతుంది. చాలామంది మర్చిపోయి అక్కడే వదిలేస్తారు.

మీకు ఏ పనికి ఎంత రేటో ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్ (జీతాలు, పని హక్కులు చూసే ప్రభుత్వ సంస్థ) సైటులో లెక్కకట్టే సాధనం ఉంది, వాళ్ళ ఫోను 13 13 94. ఇంగ్లీషులో చెప్పుకోలేకపోతే ముందు 131 450కి చేసి ఇంటర్‌ప్రెటర్‌ని అడగొచ్చు. సిటీలో స్టడీ మెల్‌బోర్న్ హబ్ అని విక్టోరియా ప్రభుత్వానిదే ఉంది, విదేశీ విద్యార్థుల కోసం, సలహా ఉచితం.

జీతం ఎగ్గొడితే "వీసా పోతుంది, నోరు మూసుకో" అని బెదిరించేవాళ్ళు ఉంటారు, ముఖ్యంగా మీరు 48 గంటలు దాటి పనిచేశారని తెలిసినవాళ్ళు. 2024 జూలై నుంచి, పనిచోట మోసాన్ని ఫిర్యాదు చేసినవాళ్ళ వీసా రద్దు కాకుండా కాపాడే నిబంధనలు వచ్చాయి. వాటికి షరతులున్నాయి కాబట్టి ఫిర్యాదుకి ముందు జాబ్‌వాచ్ లాంటి ఉచిత న్యాయ సహాయం తీసుకోండి. అప్పటికి మీ చేతిలో ఉండాల్సింది రోజువారీ గంటల చిట్టా, రోస్టరు ఫొటోలు, మేనేజరు మెసేజీలు. వీటిని మొదటి షిఫ్టు నుంచే దాచుకోండి, గొడవ వచ్చాక వెతికితే దొరకవు.

ఇంట్లోవాళ్ళకి

ఇంటినుంచి ఫోన్ వస్తుంది. "ఏటి నాయనా, పనేటైనా దొరికిందేటి?" అని అమ్మ అడుగుతుంది, ఎదురింటి వాళ్ళ కుర్రాడికి వారంలో దొరికిందట అని కూడా అంటుంది. ఆ కుర్రాడు పేస్లిప్ ఉన్న పనిలో ఉన్నాడో లేదో అమ్మకి తెలీదు. వెళ్ళక ముందే ఇంట్లో చెప్పి పెట్టండి, నికరమైన పనికి రెండు మూడు నెలలు పడుతుందని. టైము తేడా కూడా చెప్పండి: మనకంటే నాలుగున్నర గంటలు ముందు, అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా ఐదున్నర. మన రాత్రి పదింటికి ఫోన్ చేస్తే అక్కడ రెండున్నరో, మూడున్నరో. తెల్లవారి ఆరింటికి షిఫ్టున్న పిల్లకి అది నిద్ర పాడవడమే.

మొదటి పని వదిలేటప్పుడు

మంచిది దొరకగానే పాత చోట మర్నాడు వెళ్ళకుండా మానెయ్యడం మనవాళ్ళలో ఎక్కువ. క్యాజువల్ పనికి పెద్ద నోటీసు అక్కర్లేకపోవచ్చు, అయినా వచ్చే రోస్టరు వేసేలోపు చెప్పండి. మీ తర్వాత అదే ఊరి నుంచి ఇంకొకరు వెళ్ళి అడుగుతారు. ఆఖరి రోజు మేనేజరుతో మాట్లాడి, రిఫరీగా పేరు, ఫోన్ నంబరు ఇవ్వొచ్చా అని అడిగి, ఒప్పుకుంటే రెజ్యూమెలో పాత పేరు తీసి అది వెయ్యండి. జూన్ 30తో వాళ్ళ ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది, అక్టోబరు 31లోపు పన్ను రిటర్ను వెయ్యాలి, మైగవ్ అనే ప్రభుత్వ సైటులో మీరే వేసుకోవచ్చు. ఏడాదిలో కొన్ని నెలలే పనిచేసినవాళ్ళకి పట్టిన పన్నులో కొంత సాధారణంగా వెనక్కొస్తుంది, కాబట్టి మధ్యలో వదిలేసిన పని తాలూకు పేస్లిప్పులు కూడా పారెయ్యొద్దు.